విడిది, స్నానం, సంఘం: పుదుచ్చేరి ‘గోల్కొండ్’ నుంచి రాజగృహ తపోద వరకు

పుదుచ్చేరి పట్టణంలో, శ్రీ అరవిందాశ్రమ ప్రధాన భవనానికి కొద్ది దూరాన ‘గోల్కొండ్’ అనే కాంక్రీటు కట్టడం ఒకటి ఉన్నది. చరిత్ర విద్యార్థులను అధ్యయన యాత్రకు తీసుకువెళ్లినప్పుడు నేను వారిని ఆ భవనం ఎదుట కాసేపు నిలబెట్టి దాని కథ చెబుతాను. అది సాధకుల నివాసం కనుక బసకు ఎవరికి పడితే వారికి ఇవ్వరు. కిందటి యాత్రలో ఒక విద్యార్థి అడిగాడు: “సార్, ఇది జపాన్ వాళ్ల లాడ్జీయా? మనం ఒక రాత్రి ఇక్కడ ఉండొచ్చా?”

మొదటి ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పాను. రెండవది మాత్రం యాత్ర ముగిసిన తరువాత కూడా నన్ను వదలలేదు. ‘ఉండొచ్చా?’ అని అడిగి గుమ్మం ముందు నిలబడటం మన కుటుంబాలకు తరతరాల అనుభవం. మా తాత ఒక పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్లినప్పుడు సత్రంలో చోటు దొరకక చింతచెట్టు కింద పడుకున్నాడని, కోనేటి మెట్లు దిగనివ్వకపోతే దారిన పోయే ఒకరిని బతిమాలి చెంబుతో నీళ్లు పోయించుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది. తలదాచుకోవడానికి చోటు, ఒళ్లు కడుక్కోవడానికి నీరు: మనిషికి ఇంతకన్నా చిన్న అవసరాలు లేవు. ధర్మం నిజంగా ఆచరణలో ఉన్నదా లేదా అన్నది ఈ రెండింటి దగ్గరే తేలుతుంది. బౌద్ధ దేశమైన జపాన్‌లో విడిది, వేన్నీటి స్నానం కలిసి ఒక సంప్రదాయంగా ఎలా ఎదిగాయి, దాని మూలం ఎక్కడున్నది, ఆ సంప్రదాయం ఎక్కడ తప్పటడుగు వేసింది అన్నది దీక్ష తీసుకున్న మనం తెలుసుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

కడప రాయి, టోక్యో పనితనం

ముందుగా పుదుచ్చేరి భవనం సంగతి. ఆశ్రమవాసులు శ్రీమాతగా పిలిచే మీరా అల్ఫాసా 1916 నుంచి 1920 వరకు జపాన్‌లో నివసించారు. ఆమెకు సన్నిహితుడైన ఫ్రెంచి ఇంజనీరు ఫిలిప్ బార్బియే సెంతిలేర్, ఆశ్రమ నామం పవిత్ర, 1920 తరువాత నాలుగేళ్లు జపాన్‌లో గడిపి, జెన్ బౌద్ధాన్ని అధ్యయనం చేసి, మంగోలియాలో లామాల సాంగత్యంలో కొంతకాలం ఉండి, 1925లో పుదుచ్చేరి చేరారు. 1930లలో శిష్యుల సంఖ్య పెరిగి వసతి చాలనప్పుడు నిర్మాణ బాధ్యత టోక్యోలో ఉన్న వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్‌కు అప్పగించడం వెనుక ఈ జపాన్ అనుబంధం ఉన్నది.

రేమండ్ (1888–1976) బొహీమియాలో పుట్టి అమెరికా పౌరుడైనవాడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కడుతున్నప్పుడు సహాయకుడిగా వెళ్లి, అక్కడే సొంత కార్యాలయం పెట్టుకుని, జపాన్ వడ్రంగుల దగ్గర కొయ్యపని మర్మాలు నేర్చుకున్నాడు. గోల్కొండ్ నమూనాలు అతని కార్యాలయంలో రూపొందాయి. అక్కడి నుంచి 1937లో జార్జి నకషిమా అనే యువకుడు పుదుచ్చేరి వచ్చాడు. ఇతడు అమెరికాలో పుట్టిన జపాన్ సంతతివాడు. చెక్ దేశస్థుడు ఫ్రాంటిషెక్ సామర్ కూడా పనిలో చేరాడు. రేమండ్ 1938లో కుటుంబంతో సహా వచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉన్నాడు. రెండవ ప్రపంచయుద్ధపు కొరతల నడుమ నిదానంగా సాగిన ఆ పని 1940ల మధ్యకు పూర్తయింది. మన దేశంలో ఆధునిక పద్ధతిలో వెలసిన తొలి కాంక్రీటు భవనాల్లో ఇది ఒకటి.

తెలుగువారికి ఈ భవనంతో రెండు బంధాలున్నాయి. మొదటిది పేరు. నిర్మాణానికి లక్ష రూపాయలు సమకూరడానికి కారకుడు నిజాం ప్రభుత్వంలో అత్యున్నత పదవులు నిర్వహించిన సర్ అక్బర్ హైదరీ. ఆ కృతజ్ఞతతోనే గోలకొండ పేరును ఫ్రెంచి ఉచ్చారణలో ‘గోల్కొండ్’ అని పెట్టారు. ఈ హైదరీ సామాన్యుడు కాడు. హైదరాబాదు సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడటంలోను, అజంతా గుహల సంరక్షణలోను ఆయన పాత్ర గణనీయమైనది. రెండవ బంధం నేల. గదులలో పరిచినది మన కడప నల్లరాయి. నునుపు తేలేదాకా అరగదీసిన ఆ రాతిమీద చెప్పుల్లేని పాదాలతో నడిచే విధంగా ఆ ఇల్లు ఉద్దేశించబడింది.

జపాన్ ఇళ్లతో పోలిక చూసినవారికి వెంటనే తెలుస్తుంది. గదులకు అద్దాల కిటికీలు లేవు. బయటి గోడల స్థానంలో నేల నుంచి కప్పు దాకా తిప్పుకోదగిన అడ్డపలకలు ఉన్నాయి. వెలుతురును, గాలిని, వానను వాటితోనే అదుపు చేస్తారు. గది తలుపులు పక్కకు జరిగే టేకు పలకల తలుపులు. లోపలివారు కనిపించరు, గాలి మాత్రం ఆడుతుంది. పైకప్పు రెండు పొరలు. నడుమ ఖాళీ ఉండటం వల్ల ఎండ వేడి గదిలోకి దిగదు. ఇత్తడి బందులు, గడియలు కరిగించి పోయడానికి శిష్యులు ఇంట్లోని ఇత్తడి పాత్రలు తెచ్చి ఇచ్చారు. గదిలో మంచం, బల్ల, కుర్చీ వంటి అవసరమైన వస్తువులే ఉంటాయి. ఉన్న కొద్దిపాటి సామాను చక్కగా అమరి ఉండటం, లోపలికి తోట కనిపించడం, అడుగు చప్పుడు కూడా వినిపించని నిశ్శబ్దం, ఇవన్నీ జపాన్ సంప్రదాయ విడిది లక్షణాలే.

ఈ విడిదిని కట్టిన నకషిమా జీవితంలో ఒక విషాదం జరిగింది. అతడు 1939లో పుదుచ్చేరి విడిచి, చివరకు స్వదేశమైన అమెరికా చేరాడు. 1942లో జపాన్ సంతతి వారందరినీ అనుమానించిన అమెరికా ప్రభుత్వం అతన్ని భార్యతో, పసిబిడ్డతో సహా ఐడహో రాష్ట్రంలోని మినిడోకా నిర్బంధ శిబిరానికి పంపింది. రేమండ్ పూచీ ఉన్న మీదటనే 1943లో బయటపడ్డాడు. పరులకు విడిది కట్టిన మనిషికి పుట్టుక కారణంగా తలదాచుకునే చోటు పోయింది. పుట్టుక పేరిట వేలివేత ఒక్క మన దేశపు వ్యాధి కాదని ఈ ఉదంతం చెబుతున్నది.

వేన్నీటి విడిది ఎలా పుట్టింది

గోల్కొండ్‌లో లేనిది, జపాన్ విడిదికి ప్రాణమైనది ఒకటున్నది. అది వేన్నీటి ఊట. జపాన్ భాషలో ఊటను ‘ఒన్‌సెన్’ అంటారు, సంప్రదాయ విడిదిని ‘ర్యోకాన్’ అంటారు. ఆ దేశపు 1948 నాటి చట్టం ప్రకారం భూగర్భం నుంచి 25 డిగ్రీల సెల్సియస్, అంతకు మించిన వేడితో వెలువడే నీరు, లేదా నిర్ణీత ఖనిజాలున్న నీరు ఒన్‌సెన్ అనిపించుకుంటుంది. అగ్నిపర్వతాల దేశం కనుక అటువంటి ఊటలకు అక్కడ కొదవ లేదు.

అతిథి గుమ్మంలోనే పాదరక్షలు విడుస్తాడు. గడ్డితో అల్లిన మందపాటి చాపలు పరిచిన గదిలో కూర్చోబెట్టి తేనీరు ఇస్తారు. ధరించడానికి నూలు అంగీ ఒకటి ఇస్తారు. ధనికుడైనా గుమాస్తా అయినా ఆ విడిదిలో అదే అంగీ. రాత్రి భోజనానంతరం చాపల మీదనే పరుపులు పరుస్తారు. స్నానానికి ఒక కట్టుబాటు ఉన్నది. ముందుగా తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని, ముంతతో నీళ్లు పోసుకుంటూ, సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకోవాలి. నురుగు పూర్తిగా పోయాకనే ఉమ్మడి తొట్టిలో దిగాలి. వెంట తెచ్చుకున్న తువ్వాలు నీటిలో ముంచరాదు. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు స్నానశాలలు సాధారణం. తొట్టి నీరు మాత్రం అందరిదీ. ముందు దిగినవాడు, వెనుక దిగినవాడు ఒకే నీటిలో మెడదాకా మునిగి కూర్చుంటారు. బట్టలు విప్పిన తరువాత హోదా ఉండదని జపాన్ వారు భావిస్తారు.

ఈ ఆచారాన్ని మన అంటు దృష్టితో పోల్చి చూడండి. మన దేశంలో నీటికి మలినం అంటేది మనిషి పుట్టుక వల్ల. జపాన్ స్నానశాలలో మలినమంటే ఒంటిమీది మట్టి మాత్రమే. అది సబ్బుతో పోతుంది.

ఈ విడుదుల చరిత్రలోకి వెళితే అడుగడుగునా భిక్షువులు కనిపిస్తారు. వంతెనలు, చెరువులు నిర్మిస్తూ ప్రజల మధ్య తిరిగిన గ్యోకి (668–749) కోబె నగరం దగ్గరి అరిమ ఊట వద్ద 724లో ఆరామం స్థాపించాడని అక్కడి సంప్రదాయం. వరదలకు పాడుబడిన ఆ ఊరిని 1191లో నిన్సాయ్ అనే భిక్షువు పునరుద్ధరించి 12 విడుదులు ఏర్పాటు చేశాడు. రోగులకు ఔషధమిచ్చే భైషజ్యగురు బుద్ధుని 12 మంది పరిరక్షకుల లెక్కన ఆ సంఖ్య ఎంచుకున్నారు. అరిమలోని పాత విడుదుల పేర్ల చివర నేటికీ ‘బో’ అనే మాట ఉంటుంది. దానికి భిక్షువుల వసతి అని అర్థం. అవాజు ఊటను తైచో అనే భిక్షువు 718లో కనుగొన్నాడని ప్రతీతి. అక్కడి హోషి విడిది ప్రపంచంలోని అతి ప్రాచీన వసతి గృహాల్లో ఒకటిగా ప్రసిద్ధి చెందింది. షింగోన్ శాఖను స్థాపించిన కూకాయ్ 807లో ఇజు ప్రాంతంలో ఒక బాలుడు జబ్బుపడిన తండ్రిని చల్లని ఏటి నీటిలో కడుగుతుండగా చూసి, జాలిపడి, చేతిలోని వజ్రాయుధంతో బండను కొట్టి వేన్నీటిని రప్పించాడని షుజెన్‌జి ఊరివారు చెప్పుకుంటారు.

ఇవన్నీ నిరూపితమైన చరిత్ర కాకపోవచ్చు. అయితే ఒక జాతి తన స్నానాల పుట్టుకను ఎవరి చేతుల్లో పెట్టి చెప్పుకున్నదో అది కూడా చరిత్రే. రాజులు, దేవతలు కాక రోగి మీద జాలిపడిన భిక్షువులు ఈ కథల్లో నాయకులయ్యారు.

మూలం మన దేశంలోనే ఉన్నది

భిక్షువులకు స్నానంతో ఇంత సంబంధం ఎందుకు ఏర్పడింది? సమాధానం కోసం రాజగృహానికి పోవాలి. నేటి బీహారు రాజ్‌గిర్‌లో వైభారగిరి పాదాన వేన్నీటి ఊటలున్నాయి. పాళీ గ్రంథాలు ఆ నీటిని ‘తపోద’ అంటాయి. వినయ పిటకంలో ఒక సంఘటన ఉన్నది. బింబిసార మహారాజు తలస్నానం చేయాలని తపోదకు వచ్చాడు. అప్పటికే భిక్షువులు స్నానం చేస్తున్నారు. వారు ముగించేదాకా రాజు పక్కన వేచి ఉన్నాడు. పొద్దుపోయింది. నగర ద్వారాలు మూసివేశారు. రాజు ఆ రాత్రి తన రాజధాని బయటనే గడిపి, మరునాడు ఉదయం తథాగతుని దర్శనానికి వచ్చాడు. విషయం తెలిసిన బుద్ధుడు వేళ తెలియకుండా స్నానం చేసిన భిక్షువులను మందలించి, పక్షానికి ఒకసారి మాత్రమే స్నానం చేయాలని నియమం పెట్టాడు. వేసవి, జబ్బు, శారీరక శ్రమ, ప్రయాణం, గాలివాన మొదలైన సందర్భాలకు సడలింపులు ఇచ్చాడు.

ఈ కథలో నియమం కన్నా నాకు ముఖ్యంగా తోచేది రాజు వేచి ఉండటం. బుద్ధుని సంఘంలో క్షౌరవృత్తి చేసిన ఉపాలి ఉన్నాడు. వాడిన పూలు, చెత్త ఊడ్చి బతికిన సునీతుడు ఉన్నాడు, ఆయనది రాజగృహమే. అటువంటివారు కూడిన సంఘం నీటిలో ఉండగా రాజు ఒడ్డున నిలబడ్డాడు. వారు దిగిన నీరు మైలపడిందని అనలేదు. వారిని లేవమని గద్దించలేదు. అదే సమయంలో బుద్ధుడు రాజు పక్షమూ వహించలేదు, భిక్షువుల పక్షమూ వహించలేదు. నీరు ఉమ్మడిది కనుక ఒకరి తరువాత ఒకరికి వంతు రావాలన్నదే ఆ నియమం వెనుక ఉన్న న్యాయం.

మన దక్షిణాదివారు గుర్తుంచుకోవలసిన మరొక సంగతి ఉన్నది. అవంతి దక్షిణాపథంలోని జనులు స్నానానికి ప్రాధాన్యమిస్తారని సోణ కుటికణ్ణుడు విన్నవించగా, ఆ ప్రాంతపు భిక్షువులకు బుద్ధుడు నిత్యస్నానాన్ని అనుమతించాడు. స్థానిక ఆచారాన్ని గౌరవించిన తీరు అది.

వైశాలిలో భిక్షువులు అనారోగ్యంతో ఉండటం చూసి వైద్యుడు జీవకుడు నడక బాటలు, వేడి స్నానశాలలు ఏర్పాటు చేయమని కోరాడు. బుద్ధుడు అంగీకరించాడు. ఆ స్నానశాల పేరు ‘జంతాఘరం’. దాని తలుపులు, పొయ్యి, పొగగొట్టం, నీటి కాలువ గురించి కూడా వినయ పిటకం వివరిస్తుంది. నగ్నంగా ఉన్నవారు ఒకరికొకరు నమస్కరించరాదని అందులో ఒక నియమం. సంఘంలోని పెద్దాచిన్నా మర్యాదలకు స్నానశాలలో ఆ మేరకు విరామం దొరికింది. జీవకుడు బుద్ధుని స్నానశాల దానఫలం గురించి అడిగినట్లు చెప్పే సూత్రం ఒకటి చైనా భాషలో ప్రసిద్ధమై, అక్కడి నుంచి జపాన్ చేరింది. 7వ శతాబ్దిలో నలందలో ఉన్న చైనా యాత్రికుడు ఇత్సింగ్, అక్కడి పెద్ద కొలనులలో స్నానవేళను తెలపడానికి గంట మోగించే పద్ధతిని వర్ణించాడు.

జపాన్ ఆరామాలు స్నానశాలను భిక్షువులకే పరిమితం చేయలేదు. పేదలకు, రోగులకు ఉచితంగా స్నానం చేయించడాన్ని పుణ్యకార్యంగా పాటించాయి. నారా నగరంలో చక్రవర్తిని కోమ్యో (701–760) 730లో రోగులకు ఔషధశాల నెలకొల్పింది. వెయ్యిమందికి స్వయంగా స్నానం చేయిస్తానని ఆమె వ్రతం పట్టిందని, వెయ్యవవాడు కుష్ఠురోగి అయినా వెనుదీయలేదని, కడగడం పూర్తికాగానే అతడు అక్షోభ్య బుద్ధుడిగా ప్రత్యక్షమయ్యాడని ఒక గాథ. 13వ శతాబ్దిలో నిన్షో అనే భిక్షువు నారాలో కుష్ఠురోగుల నివాసం నిర్వహించాడు. జబ్బుపడి మలమూత్రాల్లో పడివున్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు స్వయంగా కడిగి మంచం మీద పడుకోబెట్టిన వినయ పిటక ఘట్టం గుర్తున్నవారికి ఈ పరంపర ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు.

తొట్లకొండ నుంచి బరోడా వరకు

తెలుగు నేల మీద కూడా ఆరామాలు బాటసారుల దారులను అంటిపెట్టుకునే వెలిశాయి. విశాఖ సముద్రతీరంలోని తొట్లకొండకు ఆ పేరు బండలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా విహారం ఉండేది. దేశం కాని దేశం నుంచి వచ్చినవారికి ఇక్ష్వాకుల రాజధానిలో విడిది దొరికింది. వజ్రాలకు ప్రసిద్ధమైన కొల్లూరు గనులు, స్తూపానికి ప్రసిద్ధమైన అమరావతి రెండూ కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. వేన్నీటి ఊట కూడా మనకు లేకపోలేదు. భద్రాచలం సమీపాన గుండాల వద్ద గోదావరి ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది.

నీరు ఉన్నది, రాయి ఉన్నది, దానశీలురూ ఉన్నారు. విహారాలు అంతరించిన తరువాత మిగిలిన సత్రాలలో, కోనేర్లలో మాత్రం పుట్టుక అడిగే అలవాటు బలపడింది. దాని ఫలితం బాబాసాహెబ్ అంబేడ్కర్ తన ప్రయాణ స్మృతులలో రాసుకున్నారు. అమెరికాలో ఉన్నత విద్య ముగించి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినప్పుడు ఆయనకు వసతి దొరకలేదు. పార్శీల విడిదిలో పార్శీ పేరు పెట్టుకుని, రోజుకు రూపాయిన్నర చెల్లిస్తూ, ఎవరూ లేని మేడగదిలో ఒంటరిగా ఉన్నారు. 11వ రోజున కర్రలు పట్టుకున్న పార్శీలు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. మిత్రులు కూడా చోటు ఇవ్వలేకపోయారు. కొలంబియా విశ్వవిద్యాలయపు చదువు ఆయనకు ఆ ఊరిలో ఒక్క రాత్రి విడిదిని కూడా సంపాదించిపెట్టలేకపోయింది.

1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీటిని ఆయన తాగి, వేలమంది చేత తాగించారు. 1934లో సహచరులతో దౌలతాబాదు కోట చూడటానికి వెళ్లి, ప్రయాణపు దుమ్ము కడుక్కోవడానికి కోట వాకిట్లోని చెరువులో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. చెరువు మైలపడిందంటూ స్థానిక ముస్లింలు కొందరు కేకలు వేస్తూ వెంటపడ్డారు. ఆ కోట నిజాం రాజ్యంలోది. అదే రాజ్యపు సొమ్ము మరి కొన్నేళ్లకు పుదుచ్చేరిలో విడిది కట్టడానికి తోడ్పడింది, అదే రాజ్యం అజంతా చిత్రాలను కాపాడింది. బుద్ధుని చిత్రానికి రక్షణ దొరికిన చోట బుద్ధుని దారి పట్టబోయే మనిషికి చెరువు నీళ్లు దొరకలేదు. ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. శిల్పాలను, శిథిలాలను గౌరవించడం ధర్మాచరణకు బదులు కాదని మనకు మనం చెప్పుకోవడానికే ఇది.

జపాన్ నేర్పే రెండవ పాఠం

ఇంతవరకు చదివినవారు జపాన్‌లో వివక్ష లేదనుకునే ప్రమాదం ఉన్నది. మన సభలలో బౌద్ధ దేశాలను ఆ విధంగా వర్ణించడం తరచు వింటుంటాం. చరిత్ర అందుకు ఒప్పుకోదు. పశువులను కోసేవారిని, తోలుపని చేసేవారిని జపాన్ శతాబ్దాల తరబడి వెలివేసింది. ప్రాణిహింస కూడదన్న బౌద్ధ నియమాన్నే వక్రీకరించి ఆ వెలివేతకు సమర్థనగా వాడుకున్నారు. 1871లో ప్రభుత్వం ఆ అంతస్తులను రద్దు చేసినా, ఆ వంశాల వారిని అనేక ఊళ్లలో ఉమ్మడి స్నానశాలలకు రానివ్వలేదు. వారు 1922 మార్చి 3న క్యోటోలో ‘సుయిహేయిషా’ అనే సమానత్వ సంఘం స్థాపించుకుని పోరాడవలసి వచ్చింది. కొన్ని ఆరామాలు మరణానంతరం పెట్టే ధర్మనామాలలో సైతం వారికి హీనమైన అక్షరాలు చెక్కించాయి. 1979లో ఒక అంతర్జాతీయ మత సమావేశంలో సోతో జెన్ శాఖ ప్రముఖుడు జపాన్‌లో అటువంటి వివక్షే లేదన్నాడు. తీవ్ర విమర్శ వచ్చాక తన మాట తప్పని అంగీకరించాడు. తరువాత ఆ శాఖ తన ఆరామాలలోని అటువంటి నామాలను వెదికి సరిదిద్దే పని చేపట్టింది.

కోమ్యో గాథ పుట్టిన దేశంలోనే కుష్ఠురోగులను నిర్బంధించే చట్టాలు 20వ శతాబ్దిలో వచ్చాయి. అవి పూర్తిగా రద్దయినది 1996లో. ఆ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని 2001లో కుమమొతో న్యాయస్థానం తీర్పు చెప్పింది. రెండేళ్లు గడిచాయి. 2003 నవంబరులో అదే కుమమొతోలోని కురొకావ వేన్నీటి ఊరిలో ఒక హోటల్, ఎప్పుడో రోగం నయమైన వృద్ధులకు బస నిరాకరించింది. ఇతర అతిథులు ఇబ్బంది పడతారన్నది వారు చెప్పిన సాకు. దేశమంతటా నిరసన రేగింది. ప్రభుత్వం చర్య తీసుకుంది. హోటల్ మరుసటి సంవత్సరం మూతపడింది. నిరాకరణకు గురైన ఆ వృద్ధులకు దూషణ ఉత్తరాలు కూడా వచ్చాయన్నది మరింత బాధాకరం.

వెయ్యేళ్ల పైబడిన స్నాన సంప్రదాయం, భైషజ్యగురువుకు ఊరూరా మందిరాలు, కోమ్యో కథ, ఇవన్నీ ఉండి కూడా ఆ రోజు ఆ విడిది తలుపు తెరుచుకోలేదు. సంప్రదాయం దానంతట అది ఎవరినీ కాపాడదు. దాన్ని ప్రతి తరం తన చేతులతో మళ్లీ ఆచరణలో పెట్టవలసిందే. తప్పు బయటపడినప్పుడు ఒప్పుకుని దిద్దుకోవడమూ ఆచరణలో భాగమే. జపాన్ మనకు స్నానశాలను చూపింది, తన తప్పునూ చూపింది. రెండవది కూడా మొదటిదానంత విలువైనదే.

మన విహారాలకు

జపాన్ భిక్షువులు మన పునరుజ్జీవన ఉద్యమానికి చేసిన సేవ మరువరానిది. ఫుజీ గురూజీ సంకల్పంతో రాజ్‌గిర్ రత్నగిరి మీద వెలసిన శాంతి స్తూపాన్ని 1969లో మన తెలుగువాడైన రాష్ట్రపతి వి.వి. గిరి ప్రారంభించారు. తపోద ఊటలున్న వైభారగిరి అక్కడికి దగ్గరే. జపాన్‌లో పుట్టిన భదంత ఆర్య నాగార్జున సురయి ససాయి నాగపూరును తన ఊరు చేసుకుని దీక్షాభూమి జనంతో కలిసి జీవించారు. ఈ బంధాన్ని విగ్రహాలు, స్తూపాలు అందుకోవడంతోనే సరిపెట్టుకోకూడదు. విడిది, స్నానం అనే రెండు ఆచారాలు కూడా అందుకోవాలి.

‘విహారం’ అన్న మాటకే నివాసమని అర్థం. మన ఊళ్లలో కొత్తగా కడుతున్న విహారాల నమూనాలలో వేదిక, విగ్రహం, సభామందిరం ఉంటాయి. బాటసారి రాత్రి పడుకునే గది, అతనికి స్నానానికి నీరు ఉన్నాయా అని మొదట అడగాలి. పట్నానికి పరీక్షకు వచ్చిన పల్లె పిల్ల, పెద్దాసుపత్రికి వచ్చిన రోగి బంధువు, అద్దె ఇంటి కోసం వీధివీధీ తిరిగి ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక వెనుదిరిగిన ఉద్యోగి, వీరికి ఒక రాత్రి చోటిచ్చే విహారం పది సభలు జరిపిన విహారం కన్నా ధర్మానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకొక ప్రశ్న మన ఇంటి లోపలిది. దీక్ష తీసుకున్న తరువాత కూడా మాల, మాదిగ, రెల్లి అన్న గీతలు మన మధ్య పూర్తిగా చెరిగాయా? విహారంలో స్నానపు గది కడిగే పని ఎవరి వంతుకు వస్తున్నది? ఎప్పుడూ ఒకే కుటుంబం వంతుకు వస్తున్నట్లయితే, మనం ఆ పాత కోనేటి మెట్లను మన విహారంలోనే మళ్లీ కట్టుకుంటున్నామన్నమాట. జంతాఘరంలో శిష్యుడు గురువుకు, గురువు జబ్బుపడిన శిష్యునికి నీరు అందించాలన్న వినయ నియమం మనకు మార్గం చూపుతుంది. కడగడం వంతుల వారీగా అందరి పని కావాలి.

పుదుచ్చేరి యాత్రలో ఆ రాత్రి మేము బస్టాండు సమీపంలోని ఒక మామూలు లాడ్జీలో దిగాము. గుమాస్తా పుస్తకంలో పేరు, ఊరు, వృత్తి, ఎంతమందిమి అన్నవి రాయించుకుని తాళాలు ఇచ్చాడు. ఇంకేమీ అడగలేదు. పిల్లలు సంచులు మోసుకుంటూ, ఎవరు ముందు స్నానం చేయాలా అని వాదులాడుకుంటూ మేడ ఎక్కారు. వారికి అది ఏ విశేషమూ లేని సంగతి. నేను ఆ పుస్తకంలో మా అందరి పేర్లు మరొకసారి చదువుకున్నాను. ఒక్కటి కూడా మారుపేరు కాదు.